హబీబా కామా

"కసబ్ కోడ్ నేను తెరిచి కూడా చూడలేదు. ఒక్క వరస కాపీ కొట్టలేదు" అని రమ్జీ వేదిక మీద నిలబడి చెప్పేసరికి, రెండో వరసలో బాదంపప్పు నములుతున్న సుందుస్ దవడ ఆగిపోయింది. పక్క కుర్చీలో సీ మబ్రూక్ ఉన్నాడు, సీ అంటే గారు. ఆయనకు చూపు లేదు. కానీ పక్కనున్న మనిషి నమలడం మానేసిందంటే ఆయనకు తెలియకుండా పోదు.

"ఏమైందమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఏం లేదు. దొంగతనం జరుగుతోంది. జనం చప్పట్లు కొడుతున్నారు."

స్ఫాక్స్ ఊళ్ళో, రాసిన కోడ్ అందరికీ తెరిచిపెట్టే ఓపెన్ సోర్స్ వాళ్ళు ఏటా జరుపుకునే సభ అది. ఆలివ్ కోతల కాలం కావడంతో సగం మంది తోటల్లో ఉన్నారు. వచ్చిన సగమూ మాత్రం నోళ్ళు తెరుచుకుని తెర వైపు చూస్తున్నారు. తెర మీద ఒక లావుపాటి బడి పుస్తకం కళ్ళు మూసి తెరిచేలోగా పేజీలుగా మారిపోతోంది. ఇదే పని కసబ్ చేస్తే ఈపాటికి సగం జనం లేచి కాఫీకి పోయేవాళ్ళు.

కసబ్ అంటే రెల్లు కలం. సుందుస్ రాసిన ప్రోగ్రాం పేరు అది. దానికి మామూలు అక్షరాల్లో రాసింది ఇస్తే చాలు, శీర్షిక ముందు ఒక గుర్తు, ఒత్తి చెప్పాల్సిన మాటకు అటూ ఇటూ చుక్కలు పెడితే, మిగతాదంతా అదే చూసుకుని పుస్తకం పేజీ చేసి ఇస్తుంది. చెప్పడానికి ఇంతే. కానీ అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, ఫ్రెంచి ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, ట్యునీషియాలో ఏ వాక్యమూ ఒక్క భాషలో ఇల్లు చేరదు. మధ్యలో అంకె దూరిందా, దాని దారి దానిది. బ్రాకెట్లు అలిగినట్టు వీపులు తిప్పుకుని నిలబడతాయి. కామా ఎగిరి వెళ్ళి వాక్యం నెత్తిన కూర్చుంటుంది. ఈ అల్లరి మూకను పదిహేనేళ్ళుగా అదుపులో పెడుతున్నది సుందుస్ ఒక్కతే. ఉద్యోగం అచ్చాఫీసులో, కాపురం కసబ్‌తో అని ఆమె అన్న ఫౌజీ ఎగతాళి చేస్తుంటాడు.

కసబ్‌లో ఒక ఆచారం ఉంది. ఎక్కడినుంచైనా ఎవరైనా "ఇక్కడ తప్పు వస్తోంది" అని రాస్తే సుందుస్ ముందు తిట్టుకుంటుంది. తర్వాత సరిచేస్తుంది. ఆ తర్వాత ఆ తప్పు మళ్ళీ తలెత్తకుండా ఒక చిన్న పరీక్ష రాస్తుంది: ఈ మాటలు ఇస్తే, ఈ పేజీ రావాలి అని. ఆ పరీక్షకు ఫిర్యాదు చేసిన మనిషి పేరే పెడుతుంది. గఫ్సాలో ప్రూఫులు దిద్దే హబీబా అనే పెద్దావిడ "మీ ప్రోగ్రాం నా కామాను మింగేసింది, కక్కించండి" అని రాసింది. దాని పేరు 'హబీబా కామా'. కైరవాన్‌లో పెళ్ళి కార్డులు వేసే మోన్సెఫ్ గొడవ పెట్టుకున్నది 'మోన్సెఫ్ బ్రాకెట్'. అన్నిటికంటే మొదటిది 'మబ్రూక్ చుక్కలు'. సీ మబ్రూక్ అంధుల సంఘంలో బ్రెయిల్ అచ్చు యంత్రం నడుపుతాడు. బ్రెయిల్‌లో అరబ్బీ కూడా ఎడమ నుంచే మొదలవుతుంది. కసబ్ దాన్ని కుడి నుంచి మొదలుపెట్టేసరికి "నా పిల్లలు పుస్తకాన్ని అద్దంలో పెట్టి తడమాలా అమ్మా?" అని ఫోన్ చేశాడు. వాళ్ళ స్నేహం అలా మొదలైంది. ఇలాంటి పరీక్షలు కొన్ని వందలున్నాయి. ప్రోగ్రాం మారిన ప్రతిసారీ అవన్నీ ఒక్కొక్కటిగా నడుస్తాయి, తెర మీద హబీబా, మోన్సెఫ్, మబ్రూక్ వరసగా హాజరు పలికి వెళ్ళిపోతారు.

రమ్జీకి ఇదంతా తెలుసు. కాలేజీ కుర్రాడిగా ఉన్నప్పుడు ఆమె ఇంటి మెట్ల మీద కూర్చుని, 'లెల్లా' అని, అంటే అమ్మగారూ అని పిలుస్తూ నేర్చుకున్నాడు. రంజాన్ పండగనాడు ఆమె వండిన ఉల్లి, ఎండుద్రాక్షల చార్మూల, ఉప్పు చేప కడుపునిండా తిని, ఇంటికి గిన్నెడు కట్టించుకుపోయాడు. ఇప్పుడు ట్యునిస్‌లో బడి పుస్తకాల సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగం.

"కసబ్ రాసిన పెర్ల్ భాష పాతబడిపోయింది. దీన్ని రస్ట్ అనే కొత్త భాషలో మొదటి నుంచీ కొత్తగా రాశాను" అంటున్నాడు రమ్జీ. "పేరు సహ్ల్. లెల్లా సుందుస్ కసబ్‌కు పెట్టుకున్న పరీక్షలు ఎదురుగా పెట్టుకుని, అన్నీ నెగ్గేదాకా రాశాను. చూడండి."

తెర మీద పరీక్షలు దొర్లాయి. ఒకటో పరీక్ష, సరి. రెండో పరీక్ష, సరి. మూడో పరీక్ష, సరి. పేర్లు లేవు.

సుందుస్ లేచి నిలబడింది. "రమ్జీ, నాదో చిన్న సందేహం."

"అడగండి లెల్లా" అన్నాడు నవ్వుతూ.

"కోడ్ తెరవలేదన్నావు. పరీక్షలు తెరిచావు కదా?"

"తెరిచాను. అవి కోడ్ కాదు కదా లెల్లా. ప్రశ్నాపత్రం లాంటివి."

"పక్కనే జవాబులు కూడా రాసిపెట్టిన ప్రశ్నాపత్రం. నేను చదువుకునేటప్పుడు అలాంటిది ఒక్కటీ దొరకలేదు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. రమ్జీ నవ్వు కొంచెం సన్నబడింది.

"పేర్లేవి?" అంది సుందుస్.

"పేర్లంటే... అంకెలైతే శుభ్రంగా ఉంటాయని."

"శుభ్రంగా" అని ఆమె కూర్చుంది. ఇంకొక్క మాటంటే గొంతు వణుకుతుందని ఆమెకు తెలుసు. వణికితే ఏడుస్తోంది అనుకుంటారు. ఆమెకు ఏడుపు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ మంట ఎందుకో పక్కవాళ్ళకు చెబితే అర్థం కాదు. కోడ్ పోతే ఆమె మళ్ళీ రాసుకోగలదు. ఏ కామా ఎక్కడ ఎగురుతుందో, ఎవరి పేజీలో ఏ బ్రాకెట్ వీపు తిప్పుతుందో, అది మాత్రం కూర్చుని కనిపెట్టేది కాదు. వందల మంది విసుక్కుని, తిట్టి, ఓపికగా రాసి పంపితే తెలిసింది. పదిహేనేళ్ళంటే ఆ తిట్లే. రమ్జీ గింజంతా ఒలుచుకుపోయి, పొట్టు ముట్టుకోలేదని సభలో ప్రమాణం చేస్తున్నాడు.

బయట కాఫీ దగ్గర రమ్జీయే వచ్చాడు. "కోపం వచ్చిందా లెల్లా? నిజానికి ఇది మీకు గౌరవమే. మీ పని కొత్త భాషలో బతుకుతుంది."

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళున్నారని విన్నాను" అంది సుందుస్. "తగలేసి, ఏరంతా ఈదుకొచ్చానని చెప్పుకునేవాణ్ణి ఇవాళే చూశా."

రమ్జీ చెవులు ఎర్రబడ్డాయి. "నా చేతుల్లో ఏముంది లెల్లా? కంపెనీ వాళ్ళకు మీ లైసెన్స్ పనికిరాదు. మీది తీసుకుంటే వాళ్ళది కూడా అందరికీ తెరిచిపెట్టాలి కదా. అందుకే కొత్తగా రాయమన్నారు."

"మరి ఇవాళ సహ్ల్ కోడ్ అందరి ముందూ ఎందుకు తెరిచిపెట్టావు?"

"నలుగురూ చూడొద్దా?" అన్నాడు. ఆ క్షణంలో వాడు మళ్ళీ మెట్ల మీది కుర్రాడిలా కనిపించాడు. అందుకు ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆ వారంలోనే ఆమె గ్రెమ్దా రోడ్డులో ఉన్న బ్రెయిల్ అచ్చు గదికి వెళ్ళింది. సీ మబ్రూక్ యంత్రం మూత తెరిచి నూనె పెడుతున్నాడు. ఆమె అడుగు వినగానే "మూడు రోజులైనా చల్లారలేదా?" అన్నాడు.

"అడుగులో కూడా తెలుస్తుందా?"

"మెట్లు అరిగిపోతున్నాయమ్మా." ఆయన చేతులు తుడుచుకున్నాడు. "ఆ కంపెనీ వాళ్ళు వచ్చి వెళ్ళారు. సహ్ల్ పెట్టించి చూశాను."

"నువ్వు కూడానా?"

"నీది కొత్త కంప్యూటర్ మీద లేవడం లేదు. నాలుగుసార్లు చెప్పాను. చూస్తానన్నావు."

అది నిజమే.

"వాడిది బాగుంది. పుస్తకం ఇచ్చి టీ పోసుకునేలోగా అయిపోయింది. ఈ ఏడాదికి ఊరికే వాడుకోమన్నారు. పైఏడు నుంచి అద్దె కట్టాలట, తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంటుందట. అప్పుడు నా చుక్కలు తప్పు పడితే నేనెవరికి ఫోన్ చెయ్యాలి? బొత్తాం నొక్కమని చెప్పే ఆడగొంతుకా?"

"మరి వద్దని చెప్పు."

"నీ కోపాన్ని నేను బ్రెయిల్‌లో అచ్చు వెయ్యలేనమ్మా. పిల్లలకి లెక్కల పుస్తకం కావాలి."

ఆయన మెత్తగానే అన్నాడు. ఆమెకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది. రమ్జీ చెత్తగా చేసుంటే హాయిగా ఉండేది, నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయేది. వాడు బాగా చేశాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు గానీ, ఆ సోకు నిజంగా అందంగా ఉంటే కడుపుమంట రెట్టింపవుతుంది. పైఏడు ఆ తాళం పడిందంటే సీ మబ్రూక్ చుక్కలు, హబీబా కామా, అందరి పదిహేనేళ్ళూ లోపలే ఉండిపోతాయి. వాటిని పంపినవాళ్ళు గుమ్మం బయట నిలబడి అద్దె కట్టుకుంటారు.

సెలవు రోజున ఫౌజీ చెట్ల దగ్గరికి రమ్మన్నాడు. ఊరి బయట తండ్రి వదిలిన ఆలివ్ చెట్లు కొన్ని ఉన్నాయి. సుందుస్ కాయలు రాల్చే పొట్టేలు కొమ్ములు వేళ్ళకు తొడుక్కుని, నిచ్చెనెక్కి కొమ్మల్ని దువ్వడం మొదలుపెట్టింది. కాయలతో పాటు ఆకులు, రెమ్మలు కింద పరదా మీద దబదబా రాలాయి.

"చెట్టేం పాపం చేసింది?" అన్నాడు కింద నుంచి ఫౌజీ. అతను లాయరు. "ఆ కుర్రాడి మీద కేసు వేస్తావా? పరీక్షలు నీవే కాబట్టి వెయ్యొచ్చు."

"జడ్జికి కామా ఎందుకు ఎగురుతుందో చెప్పేసరికి ఆయనా నేనూ ఇద్దరం పెన్షన్ తీసుకుంటాం."

"సరే, వాడి లైసెన్స్‌లో ఏం రాసుకున్నాడు?"

"ఏముంటుంది, అన్నీ వదిలేసే రకం." ఆమె కొమ్మను లాగుతూ అప్పజెప్పింది. "ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, దేనిలోనైనా కలుపుకోవచ్చు, ఏ షరతుల కిందైనా పంచుకోవచ్చు. కంపెనీ తాళం వేసుకోడానికి వీలుగా ఉండాలి కదా మరి. ఒక్కటే షరతు, రాసినవాడి పేరు మాత్రం తియ్యకూడదు. అందరి పేర్లూ తుడిచేసి తన పేరు మాత్రం..."

ఆమె ఆగిపోయింది. కొమ్ముల వేళ్ళు కొమ్మలోనే ఉండిపోయాయి.

"ఏమైంది? కందిరీగా?" అన్నాడు ఫౌజీ.

"ఎవరైనా అని రాశాడు."

"అయితే?"

"నేను కూడా ఎవరో ఒకరినేగా."

ఫౌజీకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక పరదా మీద కూలబడి నవ్వాడు. సుందుస్ నవ్వలేదు. నిచ్చెన దిగి, కొమ్ములు విప్పి అతని ఒళ్ళో పడేసి, సగం చెట్టు అలాగే వదిలి ఇంటికి వెళ్ళిపోయింది.

అచ్చాఫీసుకు వారం సెలవు పెట్టి రమ్జీ కోడ్ చదవడానికి కూర్చుంది. వాడు చెప్పింది అబద్ధం కాదు, ఆమె రాసిన వరస ఒక్కటి కూడా లేదు. కానీ చదువుతున్నకొద్దీ ఆమె ముక్కుపుటాలు అదిరాయి. అంకె ఎదురైతే ముందు ఒక అడుగు వెనక్కి వేసి ఇటూ అటూ చూడాలని ఆమె నేర్పింది. వాడు వేశాడు. ఏ తప్పునూ గుట్టుగా దాచకుండా ఏ చోట తప్పిందో చెప్పి ఆగాలని నేర్పింది. వాడు ఆగాడు. వంట ఎవరింట్లో నేర్చుకున్నారో ఉప్పు వేసే చెయ్యి చెబుతుంది. అంత బాగా నేర్చుకున్నవాడికి ఇంత చిన్న బుద్ధి ఎలా పుట్టిందో ఆమెకు అంతుపట్టలేదు.

తర్వాత పేర్లు. వాడి అంకెల పరీక్షలను ఒక్కొక్కటే తెరిచి, తన వాటితో సరిచూసి, ఎవరిది వాళ్ళకు తిరిగి ఇవ్వసాగింది. యంత్రంతో చేయించవచ్చు. చేయించలేదు. యంత్రంతో తుడిచిన పేర్లను చేత్తో రాయాలని ఆమె పంతం. హబీబా. మోన్సెఫ్. జెర్బా దీవిలో చేపల వేలం పట్టీ వేసే నఫీసా. ఒక్కో పేరు రాస్తుంటే ఒక్కో తిట్టు గుర్తొచ్చింది.

నాలుగో రోజున ఒక పరీక్ష తెరిచి చెయ్యి తీసేసింది. జోలపాట అది. రెండు చరణాలు, మధ్యలో ఖాళీ వరస. ఆ ఖాళీని కసబ్ ఒకప్పుడు అనవసరం అనుకుని మింగేసేది. ముక్కూ మొహం తెలియని కుర్రాడొకడు రాసిన ఫిర్యాదు ఆమెకు మాట మాటగా గుర్తుంది. "మా నానమ్మ అక్కడ ఊపిరి పీల్చుకుంటుంది. మీ ప్రోగ్రాం ఆమెకు ఊపిరాడనివ్వడం లేదు." ఆ మాటకు నవ్వి, నచ్చి, ఓసారి ఇంటికి రమ్మని ఆమే పిలిచింది. వాడు వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. పరీక్ష పేరు 'రమ్జీ ఖాళీ వరస'.

మిగతావాళ్ళ పేర్లు తుడిచినందుకు వచ్చిన కోపం ఒక రకం. ఇది ఇంకో రకం, దీనికి తిట్టు కూడా దొరకలేదు.

కొత్త కసబ్ బయటికి వచ్చింది. లోపల యంత్రంగా రమ్జీ రాసిన సహ్ల్ కోడే, వాడి షరతు ప్రకారం పైన వాడి పేరు పొల్లుపోకుండా ఉంది. మొత్తానికి మాత్రం కసబ్ పాత లైసెన్సే: ఎవరైనా తీసుకోవచ్చు, మార్చి పంచేవాళ్ళు ఎవరైనా సరే తెరిచిపెట్టే పంచాలి, తాళం వెయ్యడానికి లేదు. కింద పరీక్షలన్నీ పేర్లతో ఉన్నాయి. రెండు రోజుల్లో కైరవాన్ పెళ్ళి కార్డుల దాకా అందరూ దాన్నే పెట్టుకున్నారు. ఊరికే తెరిచి ఉన్నది పక్కనుండగా, తాళం వేసిన దాని కోసం ఏ బడి కూడా ఆ కంపెనీ గడప తొక్కలేదు.

రమ్జీ ట్యునిస్ నుంచి లువాజ్ టాక్సీ ఎక్కి, తిన్నగా అచ్చు గదికి వచ్చాడు. సుందుస్ అక్కడే ఉంది. సీ మబ్రూక్ కొత్త కసబ్ పరీక్షలన్నీ బ్రెయిల్‌లో వేసి, ఒక్కో కాగితం తడిమి చూస్తున్నాడు.

"మీరిలా చేస్తారనుకోలేదు లెల్లా" అన్నాడు రమ్జీ గుమ్మంలోనే నిలబడి.

"నేనేం చేశాను? నువ్వు చెయ్యొచ్చని రాసిందే చేశాను."

"కంపెనీ వాళ్ళు నన్ను నిలబెట్టి కడిగేస్తున్నారు. బయట పెట్టింది వెనక్కి తీసుకోమంటున్నారు."

"తీసుకో. ఉమ్మింది మింగడం చేతనైతే."

"ఇది మొత్తం నా పని. ఏడాది కష్టపడ్డాను. మీరు పైన మీ లైసెన్స్ కప్పేశారు."

"నీ పేరు ఎక్కడైనా తీశానా?"

రమ్జీ భుజం మీది సంచీ సర్దుకున్నాడు.

"తీశానా చెప్పు. అన్నిటికంటే పైన ఉంది. మంచి యంత్రం, మంచివాడు రాశాడని కూడా రాశాను, చేతులు మండుతున్నా రాశాను. పేరు తుడిచేస్తే మండుతుందని నీకు తెలుసు. తెలుసు కాబట్టే నీకోసం ఆ ఒక్క షరతూ పెట్టుకున్నావు. హబీబాకి మండదా? ఈ సీ మబ్రూక్‌కి మండదా?"

"మంచి ఎండలో నిలబెట్టి అడుగుతోంది. లోపలికి రా బాబూ" అన్నాడు సీ మబ్రూక్, కాగితం మీద నుంచి వేళ్ళు తియ్యకుండా. ఆ వేళ్ళు ఒక వరస చివరికి వెళ్ళి, కిందికి దిగి, ఏమీ లేని చోట ఆగాయి. మళ్ళీ వెనక్కి వచ్చి చూసుకున్నాయి. "ఇక్కడ ఖాళీ ఉంది. ఇది తప్పా, కావాలని వదిలిందా?"

"కావాలని వదిలిందే" అంది సుందుస్. "పైన పేరు చదువు."

ఆయన పైకి వెళ్ళి చదివాడు. "రమ్జీ ఖాళీ వరస."

రమ్జీ లోపలికి వచ్చి కాగితం వైపు చూశాడు. తెల్ల కాగితం, తెల్ల చుక్కలు. కళ్ళున్నవాడికి అందులో చదవడానికి ఏమీ లేదు.

"నానమ్మ పాట" అన్నాడు. "దీని పేరు కూడా నేనే తీశానా?"

"నువ్వే."

"అన్నిటికీ ఒకేసారి అంకెలు వేసేలా రాసి నడిపాను లెల్లా. చూసుకోలేదు."

"అదే రమ్జీ నా కోపం" అంది సుందుస్. ఆమె గొంతు ఇప్పుడు వణికింది, వణకనిచ్చింది. "చూసి, కసితో తుడిచినా నేను అర్థం చేసుకునేదాన్ని. నువ్వు చూడను కూడా చూడలేదు. అంతమందిని చూడలేదు, మీ నానమ్మని చూడలేదు, ఆఖరికి నిన్ను నువ్వు కూడా చూసుకోలేదు. శుభ్రంగా ఉంటుందన్నావు."

రమ్జీ తల దించుకున్నాడు. "ఆ పేరు... అక్కడ ఉంచేస్తారా?"

"అందులో నా దయేం లేదు. ఫిర్యాదు చేశావు కాబట్టి పేరుంది, అది ఎవరూ తీసేది కాదు. పైన ఉన్న రమ్జీని లైసెన్స్ కోసం పెట్టాను. ఈ రమ్జీని మాత్రం ఇష్టపడి పెట్టుకున్నాను. వాడెక్కడైనా కనబడితే ఇంటికి రమ్మను."

రమ్జీ ఆ కాగితం తీసుకోవచ్చా అని అడిగాడు. సీ మబ్రూక్ చుట్టి ఇచ్చాడు. వాడు దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియనట్టు రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"కొంచెం ఎక్కువైందేమోనమ్మా" అన్నాడు సీ మబ్రూక్.

"ఇంకా చాలా మిగిలింది" అంది సుందుస్. ఫోన్ తీసి చూస్తే హబీబా దగ్గర నుంచి కొత్త ఫిర్యాదు వచ్చి ఉంది. అది చదివి, తిట్టుకుంటూ, సరిచెయ్యడానికి కూర్చుంది.